రెండు ఎర్ర పోగులు

తొమ్మిదో వారం

ఎడమ పిక్కలో రక్తం గడ్డ కట్టిందని నన్ను హనుమకొండ దవాఖానలో పదకొండు రోజులు ఉంచుకున్నారు. శనివారం నాడు ఇంటికి పంపారు. ఇంటికి వచ్చి పది రోజులైంది. వాపు తగ్గింది. అయినా నన్ను మగ్గం గుంటలోకి దిగనివ్వకుండా నా భార్య పోశవ్వ గుంట మీద చెక్క పరిచి, దాని మీద బియ్యం బస్తా పెట్టింది. సగం నేసిన జంపఖానా మగ్గం మీదే ఉంది. నేను ఆ బస్తా వైపు చూస్తూ కూర్చున్నాను. పోయిన వారం అక్కడ ఆగాం.

మంగళవారం పొద్దున బస్తా సంగతి మరిచిపోవాల్సి వచ్చింది.

నేను వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాను. పోశవ్వ వెనక నుంచి వచ్చి మోరీలోకి చూసింది. నేను ఉమ్మిందంతా ఎర్రగా ఉంది.

"ఎన్ని దినాలసంది?" అంది.

"ఇయ్యాల్నే."

అది అబద్ధం. నాలుగు రోజుల నుంచి అలాగే ఉంది. పుల్ల గట్టిగా ఉండి చిగుళ్లకు తగిలిందనుకున్నాను. ఆమె కంట పడకముందే చెంబుడు నీళ్లు పోసి కడిగేవాణ్ణి. ఆ రోజు చెంబు తెచ్చుకోలేదు.

ఆమె నా అంగీ చెయ్యి పైకి తోసింది. మోచేతి పైన అరచెయ్యంత మచ్చ. నీలి మందు తొట్టిలో ముంచి తీసినట్టు ఉంది.

"గిదేంది? యాడన్న పడ్డవా?"

"లేదు."

"మరి గోడకు గుద్దుకున్నవా?"

"లేదు."

"నీ నోట్లెకెల్లి రెండో మాట తీసేతందుకు గూడ ఆపరేషన్ చెయ్యాలె" అని, లోపలికి పోయి చెప్పులేసుకుని వచ్చింది. మళ్లీ చూపించుకోవాల్సింది పద్నాలుగో రోజున. ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆమె ఆగలేదు. మందుల కవరు చంకలో పెట్టుకుంది. కొత్తవాడ మూల మీద ఆటో ఎక్కాం.

దవాఖానలో రక్తం తీసుకున్నారు. బెంచీ మీద కూర్చోమన్నారు. మా నంబరు నలభై మూడు. ఇరవై ఏడు నడుస్తుండగా మా పేరు పిలిచారు. దవాఖానలో వరస తప్పించి పిలిస్తే మంచికి కాదని పదకొండు రోజుల్లో తెలిసింది నాకు. పోశవ్వకూ తెలుసు. నా రెక్క పట్టుకుంది. నన్ను నడిపించడానికో, తను పడకుండా ఉండడానికో.

లోపల డాక్టర్ ఉమాకాంత్. వార్డులో నన్ను చూసింది ఆయనే. చిన్నవాడే, ముప్పై రెండు ముప్పై మూడు ఉంటాయి. చేతిలో రక్తం కాగితం ఉంది.

"కూర్చో పెద్దాయనా. నీ రక్తం పలచబడడానికి మందిచ్చాం కదా. ఎంత పలచబడాలో దానికో లెక్క ఉంటుంది. రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. నీది ఏడు దాటింది. ఆ గోళీ రోజుకు ఎన్ని వేసుకుంటున్నావు?"

నేను పోశవ్వ వైపు చూశాను. మందులు ఆమె చేతిలోవి. ఇచ్చింది మింగడం నా పని.

ఆమె కవరు తిప్పి బల్ల మీద గుమ్మరించింది. ఆరు పట్టీలు పడ్డాయి. ఒక్కో పట్టీ మూలకు సన్నని రంధ్రం చేసి నూలు పోగు కట్టి ఉంది. తెల్లవి, పచ్చవి, ఎర్రవి.

డాక్టర్ ఒకటి ఎత్తి పట్టుకున్నాడు. "ఇవేంటమ్మా, తాయెత్తులా?"

"తాయెత్తులు గాదు సార్, గుర్తులు. నాకు సదువు రాదు గదా. తెల్ల పోగు పొద్దుగాలది. పచ్చది పగటిది. ఎర్రది పొద్దుగూకినంక ఏసేది. ఒక్క ముడి ఉంటే ఒక్క గోళి, రెండు ముడులుంటే రెండు. మా ఇంట్ల నూలు చుట్టే కండెలకు గూడ గిట్లనే కడ్త. ఏ రంగు ఏ అంచుకు పోవాలెనో కలవకుంట. వార్డుల సిస్టరమ్మ చూసి మస్తున్నదవ్వా అన్నది."

డాక్టర్ వినడం ఆపేశాడు. ఎర్ర పోగులున్న పట్టీలు రెండు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. ఒకదానిలో తెల్ల గోళీలు, ఒకదానిలో గులాబీ రంగువి. రెండు పట్టీలలోనూ గోళీలు తగ్గి ఉన్నాయి.

"ఈ రెండూ వేస్తున్నావా? రోజూ?"

"రోజు ఏస్తాన. పొద్దుగూకంగ అన్నం తిన్నంక. ఒక్కనాడు గూడ తప్పలే సార్."

తప్పలేదన్న మాట ఆమె కొంచెం గర్వంగానే చెప్పింది. డాక్టర్ పట్టీలు కింద పెట్టాడు.

"అమ్మా, ఈ రెండూ ఒకటే మందు."

"ఒకటెట్ల అయితది సార్? గిది తెల్లది, గది గులాబిది. పేరు గూడ వేరని షాపాయన అన్నడు."

"పేరు వేరు, కంపెనీ వేరు. లోపలున్నది ఒకటే. తెల్లది మీరు ఇక్కడున్నప్పుడు కొన్నది. ఇంటికి పోయేరోజు కింద షాపులో అది అయిపోయి ఉంటుంది. వేరే కంపెనీది ఇచ్చాడు. ఏదో ఒకటే వేయాలి. మీరు రెండూ వేశారు."

"ఒక్కటే మందయితే రెండు పేర్లెందుకు సార్? మా జంపఖాన ఏ దుకాండ్ల అమ్మినా జంపఖాననే అంటరు."

డాక్టర్ ఆ రెండు పట్టీలనూ పక్కకు జరిపాడు. "పది రోజులు డబుల్ డోస్ పడింది" అన్నాడు. "అందుకే చిగుళ్ల నుంచి రక్తం. అందుకే ఆ మచ్చలు."

పోశవ్వ బల్ల అంచు పట్టుకుంది. కూర్చోలేదు. కొంచెంసేపటికి చాలా చిన్నగా, "నా చేతులతోటి నేనే పెట్టిన్నా?" అంది. అడిగింది డాక్టర్‌ని కాదు. నన్నూ కాదు.

డాక్టర్ అది వినలేదనుకుంటాను. కాగితం మీద రాసుకుంటూ, "పాతవి ఆపేయాలని చెప్పాం కదమ్మా, పోయేటప్పుడు" అన్నాడు.

ఆమె తల ఎత్తింది.

"చెప్పలే."

"చెప్పే ఉంటాం. అందరికీ చెబుతాం."

"అందరి సంగతి నాకెర్క లేదు. మాకు చెప్పలే. మీరేమన్నరో చెప్తాన, ఇనుండ్రి. శనివారం. పదకొండు గొట్టింది. మీరు మంచం కాడికి రాలే, తలుపు కాన్నే నిలవడ్డరు. చేతుల ఫోనున్నది. 'బాగుంది పెద్దాయనా, ఇంజెక్షన్ ఆపేస్తున్నాం, టాబ్లెట్లు అవే కంటిన్యూ చేయండి, రాసిచ్చినవి పదిహేను రోజులు వాడండి, ఆకుకూరలు తగ్గించండి, పద్నాలుగో రోజు రండి' అన్నరు. గంతే. ఫోన్ మోగింది. మీరు పోయిన్రు."

పోశవ్వ అంతే. జంపఖానా అంచులో ఏ రంగు ఎన్ని పోగులో ఒకసారి చెప్పి పోతే, నెల తర్వాత అడిగినా తడుముకోకుండా చెబుతుంది. చెప్పినాయన మరిచిపోయి వచ్చి ఆమెనే అడిగిన రోజులున్నాయి.

డాక్టర్ కలం పట్టుకునే ఉన్నాడు. రాయడం లేదు.

"అవే కంటిన్యూ అంటే..." అన్నాడు.

"అవే అంటే ఉన్నయి ఏసిన. రాసిచ్చినయి అంటే కొన్నయి ఏసిన. రెండు ఎర్రయి అయితానయని నాకు గూడ అనుమానమొచ్చింది. షాపాయన్ను అడిగిన, 'అన్నా, సాయంత్రానికి ఇంకోటున్నది గదా' అని. 'డాక్టర్ రాసిందే ఇస్తానమ్మా, జరుగు' అన్నడు. మళ్ల మీ కాడికొచ్చిన. మీరు లేరు."

"అమ్మా, డిశ్చార్జ్ కాగితంలో అన్నీ రాసి ఉన్నాయి."

"ఏడున్నది? జర చూయించుండ్రి."

ఆయన ఫైలు తిప్పి వేలు పెట్టాడు. ఇంగ్లీషు. నేను మూడో తరగతి దాకా పోయాను. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. అది గీతల్లా కనిపించింది. ఆయనే చదివి చెప్పాడు. ఏ మందు ఎప్పుడు, ఎంత. ఇదివరకటి పట్టీలు వాడొద్దని కూడా ఒక ముక్క ఉంది. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో మరొకటి. ఎక్కడైనా రక్తం కనిపిస్తే ఆ రోజే రావాలని.

"రాసిన్రు సార్" అంది పోశవ్వ. "మా కోసం రాయలే."

బయట నంబర్లు పిలిచే ఆమె గొంతు వినిపిస్తోంది. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి ఎవరూ?

ఇక నేను ఊరుకుంటే బాగుండదు. ఆ పది రోజుల పాపమంతా ఆమె ఒక్కతే మోస్తోంది. అందులో నాలుగు రోజులు నావి.

"నాలుగు దినాలసంది ఒస్తాంది సార్" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏమొస్తాంది?" అంది పోశవ్వ.

"రగ్తం."

"పొద్దుగాల ఇయ్యాల్నే అన్నవ్ గదా!"

నేను తల ఊపాను.

"ఓ పండరి నాయినా! నీకేం పుట్టింది? నేను మోరి కాడనే అంట్లు తోముతాన, నాకెందుకు కనవళ్లే? కడుక్కున్నవా? నాకు కనవడకుంట చెంబుతోని కడుక్కున్నవా?" ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "మగ్గం మీద బుద్ధి. మళ్ల పట్టుకపోతరు, జంపఖాన ఆగమైతదని. సచ్చినంక నేస్తవా జంపఖాన?"

"ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?" అన్నాడు డాక్టర్.

ఆలోచించాను. "అడగలే" అన్నాను. నిజం కూడా అదే.

ఆయన కలం మూత పెట్టాడు. లేచి బల్ల ఇవతలికి వచ్చి, కుర్చీ లాగి పోశవ్వను కూర్చోబెట్టాడు. "ఆ శనివారం పన్నెండు మందిని పంపాను" అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే ఉంటుంది. నాకు గుర్తు కూడా లేదు. ఇందులో నీ తప్పు లేదు పెద్దమ్మా."

"తప్పెవలిదైతేంది సార్. మనిషికేమైతది, గది చెప్పుండ్రి."

"ఇప్పుడే చేర్చుకుంటాను. చేతికి సూది పెట్టి విరుగుడు మందు ఎక్కిస్తాం. రెండు మూడు రోజులు ఉండాలి. ఈలోపల కింద పడొద్దు, తలకు దెబ్బ తగలొద్దు. మీరు సమయానికే వచ్చారు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే..." అని ఆపాడు. ఆపినది మాకు అర్థమైంది.

చక్రాల కుర్చీ తోసుకుంటూ వార్డు సిస్టర్ స్రవంతి వచ్చింది. "తాతా, అప్పుడే మల్లొచ్చినవా? మా ఉప్మా అంత నచ్చిందా?" అని, పోశవ్వ మొహం చూసి నవ్వు ఆపేసింది. బల్ల మీది పట్టీలు చూసింది. డాక్టర్ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"నేను ఆ శనివారం సెలవు సార్" అంది స్రవంతి. "ఉంటే నేను చూసేదాన్ని. ఆ పోగులు నాకెరుకే."

డాక్టర్ కత్తెర తీసుకుని తెల్ల గోళీల పట్టీకి ఉన్న ఎర్ర పోగు కత్తిరించాడు. పట్టీని చెత్త డబ్బాలో వేశాడు. పోగు బల్ల మీద పడింది. పోశవ్వకు పోగు వృథాగా పడి ఉంటే చేతులు ఊరుకోవు. తీసి వేళ్ల మధ్య సాగదీసింది. రెండో పట్టీది కూడా విప్పి దాని పక్కన పెట్టింది. రెండింటి చివరలూ చూసింది. పళ్లతో కొరికిన చివరలు.

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"సార్" అంది. "గీ పోగు మూరెడుండె. నాలుగు ముక్కలు చేసిన."

"అయితే?"

"రెండు మాయి. రెండు మొగిలమ్మయి."

స్రవంతికి ముందు అర్థమైంది. "పక్క బెడ్ రాజమల్లు తాతకా?"

రాజమల్లు నా పక్క మంచం ఆయన. ములుగు అవతలి అడవి ఊరు, మక్కజొన్న చేను చేసుకునే మనిషి. ఆయనకూ కాలిలోనే గడ్డ, నా మందే ఆయన మందు. ఆయనకూ నాకూ మాటలు తక్కువ. పదకొండు రోజులు ఒకరినొకరు చూసి తల ఊపుకున్నాం. మాట్లాడిందంతా ఆడవాళ్లు. ఆయన భార్య మొగిలమ్మ పోశవ్వను అక్కా అని పిలిచింది. ఇద్దరినీ ఆ శనివారమే పంపారు. ఇద్దరి చీటీలూ ఆ షాపుకే పోయాయి. ఇద్దరి కవర్లూ ముందు పెట్టుకుని, కారిడార్ బెంచీ మీద కూర్చుని పోశవ్వే పాత పోగులు విప్పి, అన్నిటికీ కొత్తవి కట్టింది.

"ఆమెకు గూడ సదువు రాదు" అంది పోశవ్వ. "నేనే చెప్పిన. ఎవ్వలేం చెప్పినా ఎర్ర పోగుయి మానద్దు మొగిలీ, గవే పాణం నిలవెట్టేటియని."

డాక్టర్ రాజమల్లు ఫైలు తెప్పించాడు. అందులో ఒక ఫోన్ నంబరు ఉంది. ఊరు అన్నచోట ములుగు అని మాత్రం రాసి ఉంది. స్రవంతి దవాఖాన ఫోన్ నుంచి చేసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"ఎవలూ?" అంది మొగిలమ్మ గొంతు.

"అవ్వా, హనుమకొండ దవాఖాన నుంచి మాట్లాడుతున్న. తాతకు ఎర్ర పోగు గోళీలు ఇస్తున్నవు కదా, అవి..."

"పోగుల సంగతి నీకెట్లెరుక? ఎవలు నువ్వు? ఓటీపీ చెప్పమంటవా ఇప్పుడు?"

"ఓటీపీ కాదవ్వా, ఆ గోళీలు ఆపాలె..."

"ఆపాల్నట! మా ఊళ్లె ఒకాయనకు గిట్లనే దవాఖాన అని ఫోన్ చేసిన్రు. ఎవ్వలు చెప్పినా మానద్దన్నది మా పోశక్క."

పోశవ్వ ఫోన్ గుంజుకుంది. "మొగిలీ, నేనే, పోశక్కను. ఇను..."

"పోశక్క గొంతు గూడ పెడ్తానవా? దొంగ ముండల్లారా!"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. పోశవ్వ ఫోన్ నుంచి చేసినా స్విచాఫ్.

గడియారంలో రెండున్నర. ఎర్ర పోగు వేళ పొద్దుగూకినంక. నాలుగు గంటల సమయం ఉంది.

"ములుగు దవాఖానలో నా క్లాస్‌మేట్ ఉన్నాడు" అన్నాడు డాక్టర్. "ఎవరినైనా పంపిస్తాడు. ఊరి పేరు చెప్పు పెద్దమ్మా."

"ఊరి పేరు నేనడగలే సార్. 'మా ఊరికి రా అక్కా' అన్నది, దారి చెప్పింది. ములుగుల దిగి జీపెక్కాలె. వాగు దాటినంక నీలం రంగు రేకుల షెడ్డు కాడ దిగి ఎడమకు మళ్లాలె. గంతే ఎరుక."

డాక్టర్ ఆ దారే ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. అటువైపు నుంచి, నీలం రేకుల షెడ్లు ఎన్ని లేవు అని వినిపిస్తోంది.

పోశవ్వ నా వైపు చూసింది. ఏడు దాటిన మనిషిని వదిలి పోవాలా అని ఆ చూపు. నాకు భయంగానే ఉంది. ఆమె లేకుండా ఆ దవాఖానలో నేను ఒక గంట కూడా లేను.

"పో" అన్నాను.

"మన కొడుకు పండరికి ఫోన్ చేసిన. పని కాడికెల్లి ఒస్తాండు. ఈ ఫోన్ నీ కాడ ఉండనియ్యి, వాడు దీనికే చేస్తడు. లేవకు. పడకు. సిస్టరమ్మా, గీ మనిషి అడిగితేనే చెప్తడు. గంటకోపారి అడుగు బిడ్డా." రెండు ఎర్ర పోగులూ కొంగుకు ముడేసుకుని, ములుగు బస్సు కోసం పరుగులాంటి నడకతో పోయింది.

నన్ను మళ్లీ ఆ పద్నాలుగో నంబరు మంచం మీదనే పడుకోబెట్టారు. పక్క మంచం ఖాళీ. స్రవంతి చేతికి సూది పెట్టి, మందు తేవడానికి పోయింది.

మూడు ఇరవైకి ఫోన్ మోగింది. పండరి అనుకుని పచ్చ గుర్తు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పోశక్కా!" మొగిలమ్మ. ఊపిరి అందడం లేదు. "అక్కా, నీ పేరు చెప్పి ఎవలో దొంగలు ఫోన్ చేసిన్రే. గందుకే బంద్ చేసిన. గది కాదు గని, ఈయనకు పొద్దుగాల్సంది ముక్కులకెల్లి రగ్తం. ఆగుతలేదే. గుడ్డలన్ని తడిసినయి. ఎర్ర పోగుయి రెండు అరచేతుల వట్టుకోని కూసున్న. పొద్దుగూకేదాక ఆగాల్నా, ఇప్పుడే ఎయ్యాల్నా? చెప్పక్కా, నోట్లె ఏస్తాన."

లేచి కూర్చున్నాను. సూది ఉన్న చెయ్యి గుంజింది.

"ఎయ్యకు" అన్నాను.

అటు నుంచి రాజమల్లు దగ్గు వినిపించింది.

పదకొండు రోజులు వాళ్ల పక్క మంచంలో ఉన్నాను. ఆమె నా గొంతు ఒక్కసారి కూడా వినలేదు.

"ఎవలు నువ్వు?" అంది మొగిలమ్మ.